పేరమ్మ చేలో దర్భ

మార్కండేయ శర్మకి ఆ ఏడాది వైశాఖంలో పట్టుకున్న దిగులు ఒక్కటే. దర్భ దొరకదేమోనని.

నవ్వకండి. పూట గడవని దిగులు ఉంటుంది, బిడ్డకి జ్వరం తగ్గని దిగులు ఉంటుంది. వాటి ముందు గడ్డిపోచ దిగులు ఏపాటిది అనిపిస్తుంది. కానీ వేదం చెప్పుకునే చోట దర్భ లేకపోతే ఒక్క పూట గడవదు. వేలికి పవిత్రం దానితోనే చుట్టాలి. కూర్చునే చాప దానితోనే అల్లాలి. హోమగుండం చుట్టూ పరచాలన్నా, పోయిన పెద్దలకి నీళ్ళు వదలాలన్నా అదే. అంతెందుకు, గ్రహణం రోజున మీ అమ్మగారు ఆవకాయ జాడీ మీద, పాలగిన్నెలో వేసే పోచ ఏమిటి? అదే కదా.

గుండ్లకమ్మ ఒడ్డున యజ్ఞన్నావధానులు గారి పాఠశాల ఉండేది. ఒక పూరిపాక, ముందు పందిరి, పదకొండు మంది విద్యార్థులు. అందరిలోకి పెద్దవాడు మార్కండేయుడు. ఇరవై రెండేళ్ళవాడు. తొమ్మిదేళ్ళుగా గురువుగారి దగ్గరే ఉన్నాడు. ఏదైనా ఒకసారి వింటే చాలు, ఇక మరిచిపోడు. గొంతు విప్పితే ఏటి అవతల బట్టలు ఉతికేవాళ్ళు చేతులాపి వినేవారు. శ్రావణంలో పెళ్ళి. పెళ్ళయ్యాక అత్తవారి ఊళ్ళో సొంతంగా పాఠశాల పెట్టుకోమని గురువుగారు అప్పటికే ఆశీర్వదించారు.

ఈ పాఠశాలకి కావలసిన దర్భంతా పక్కనే ఉన్న అరెకరం బీడులోంచి వచ్చేది. చలమారెడ్డి గారి నల్లరేగడి. పదిహేనేళ్ళుగా అందులో నాగలి పడలేదు. దర్భ దుబ్బు కట్టిన నేలలో కర్రు దిగదు. బలవంతాన దింపితే నాలుగు అడుగులు పోయి బిగుసుకుంటుంది, ఎడ్లు మోకాళ్ళ మీద పడతాయి. పైకి కనిపించేది రెండు మూరల గడ్డే. కింద మాత్రం వేలంత లావు వేరుకొమ్ములు ఒకదాన్నొకటి పెనవేసుకుని నిలువులోతుకి పోతాయి. రోహిణి ఎండకి ఊరంతా గరికతో సహా మాడిపోయిన రోజుల్లో కూడా దర్భ పచ్చగా నిలబడి ఉంటుంది. కోస్తే చిగురిస్తుంది. తగలబెడితే ఇంకా బాగా చిగురిస్తుంది.

ఒకటే గడ్డి. పరమాత్మ దాన్ని ఒకరికి ప్రసాదంగా ఇచ్చాడు, ఇంకొకరికి పరీక్షగా ఇచ్చాడు.

ఏటా శ్రావణ మాసం చివర, మన ఆడవాళ్ళు కంద మొక్కని పెట్టి పోలాల అమావాస్య చేసుకునే రోజున, ఈ విద్యార్థులంతా తెల్లవారుజామునే స్నానం చేసి ఆ బీడులోకి వెళ్ళేవారు. ఆ ఒక్కనాడు కోసిన దర్భ ఏడాది పొడుగునా పనికొస్తుందని పెద్దల మాట.

ఆ ఏడు చలమారెడ్డి ఆ బీడుని పేరమ్మకి ఇచ్చాడు.

పేరమ్మ ఆ ఊరి మనిషే. మగడు పోయి రెండేళ్ళయింది. ఇద్దరు చిన్నపిల్లలు. కూలికి పోయి బతుకుతోంది. రెడ్డి మాట సూటిగా ఉంది: "ఆరుద్ర కార్తె దాటేలోగా దర్భ తీసి విత్తనం వేశావా, పదేళ్ళు నువ్వే చేసుకో. వెయ్యలేదా, గొర్రెల వాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తా."

పేరమ్మ గునపం పట్టింది. పొద్దున కూలి, సాయంత్రం చేను. పని లేని రోజున రోజంతా చేలోనే. ఒక్కో దుబ్బు తవ్వడానికి అన్నం ఉడికేంత సేపు పట్టేది. అయినా వైశాఖం పోయి జ్యేష్ఠం వచ్చేసరికి మూడు వంతుల్లో రెండు వంతులు నల్లటి నేల పైకి తేలింది.

పాఠశాల పందిరి కింద కూర్చుని మార్కండేయుడు ఆ నల్లటి నేల రోజురోజుకీ పెరగడం చూస్తున్నాడు. పాఠం మీద మనసు నిలవడం లేదు. ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"గురువుగారూ, పేరమ్మ దర్భంతా వేళ్ళతో తీసేస్తోందండి."

"చూశాను. ఏం వేస్తుందిట?"

"పచ్చజొన్న, మధ్యలో కంది సాళ్ళుట."

"మంచి నేల. పండుతుంది," అన్నారు అవధానులు గారు. మళ్ళీ తన పనిలో పడ్డారు.

మార్కండేయుడు కాసేపు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళ శిష్యుడు ఇంత పెద్ద విషయం చెబితే జొన్న గురించి అడుగుతారేమిటని లోపల కొంచెం కష్టపెట్టుకున్నాడు కూడా. ఆ సాయంత్రం తనే చేలోకి వెళ్ళాడు.

పేరమ్మ ఒక దుబ్బు మీద వంగి ఉంది. అతన్ని చూసి గునపం కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పేరమ్మా, నువ్వు పీకేది ఏమిటో తెలుసా?"

"దర్బ సామీ."

"అది ఎక్కడ పుట్టిందో తెలుసా?"

"ఈ చేలోనే."

మార్కండేయుడు నవ్వలేదు. దర్భ పుట్టుక చెప్పడం మొదలుపెట్టాడు. వరాహమూర్తి భూమినెత్తి ఒళ్ళు దులుపుకుంటే రాలిన రోమాలే దర్భలయ్యాయని చెప్పాడు. గరుత్మంతుడు అమృతభాండం దించింది ఈ పోచల మీదేనని చెప్పాడు. ఆ గొంతుకి తోడు సాయంత్రపు గాలి. పేరమ్మ చేతులు కట్టుకుని వింది.

"మరి నన్నేం చెయ్యమంటారు సామీ?"

"ఆపెయ్."

"ఆపితే చేను పోతది గదా."

"చేను పోతే ఇంకో చేను దొరుకుతుంది," అన్నాడు మార్కండేయుడు. ఆమె ఇంకా గునపం వైపే చూస్తోంది. దాన్ని మళ్ళీ అందుకుంటుందని అతనికి తెలిసిపోయింది. అప్పుడన్నాడు: "దర్భని వేరుతో పెకలించిన ఇంట్లో సంతానం నిలవదు."

అయ్యా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ముందు చెప్పిన మాటలన్నీ పెద్దలు చెప్పినవే. ఈ ఆఖరి మాట మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు. అది మార్కండేయుడి నోట్లో అప్పటికప్పుడు పుట్టింది. పుట్టిన సంగతి అతనికీ తెలుసు.

పేరమ్మ అడిగింది. "నిజమేనా సామీ?"

అతను ఏటి వైపు చూస్తూ, "శాస్త్రం," అన్నాడు.

మర్నాడు ఆమె చేలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గునపం సగం తవ్విన దుబ్బు పక్కన అలాగే పడి ఉంది. మృగశిర కార్తె వచ్చింది, దాని వెనకే ఆరుద్ర. మబ్బులు వచ్చి వెళుతున్నాయి.

నాలుగో రోజున పేరమ్మ పాఠశాలకి వచ్చింది. అవధానులు గారు అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుడుతున్నారు. పందిరి కింద మార్కండేయుడు చిన్నవాళ్ళకి పాఠం చెబుతున్నాడు.

"రా తల్లీ, కూర్చో."

పేరమ్మ కూర్చోలేదు. "సామీ, నేను తెలీక చేశాను. రెండొంతులు పీకేశాను. ఆ పీకినదానికి ఏదన్నా విరుగుడు చెప్పండి. నాకేమన్నా అయితే కానీయండి. పిల్లల జోలికి రాకుండా చూడండి."

"ఏమిటమ్మా పీకింది?"

"దర్బ సామీ. ఏరుతో పీకితే పిల్లలు నిలవరంట గదా."

"ఎవరన్నారు?"

పందిరి కింద పాఠం ఆగిపోయింది. చిన్నవాళ్ళు తరవాతి మాట కోసం మార్కండేయుడి మొహం చూస్తున్నారు. పేరమ్మ మాత్రం అటు కన్నెత్తి చూడలేదు.

"ఎవరైతే ఏముంది సామీ. చదువుకున్నోళ్ళ మాట."

"చేను సంగతి?"

"రెడ్డిగారికి చెప్పేసి వస్తా. నాకొద్దని."

అవధానులు గారు చేతిలోని ఆకు పక్కన పెట్టారు. "ఇవాళ చెప్పకు. రెండు రోజులు ఆగు. ఆ మాట ఎక్కడుందో చూడనీ నన్ను."

పేరమ్మ దండం పెట్టి వెళ్ళిపోయింది.

గురువుగారు శిష్యుణ్ణి కోప్పడతారని మీరు అనుకుంటున్నారు. ఆయన అటు చూడను కూడా చూడలేదు. లోపలికి వెళ్ళి, అటక మీది పుస్తకాలన్నీ దింపించారు. తాళపత్రాలు, అచ్చుపుస్తకాలు, తన తండ్రిగారు చేత్తో రాసుకున్న కాగితాల కట్టలు. కళ్ళజోడుకి ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకునేవారు. ఆ దారం చెవికి చుట్టుకుని ఒక్కొక్క ఆకే తిప్పడం మొదలుపెట్టారు.

"మార్కండేయులూ, ఇలా రా. నా చూపు ఆనదు. నువ్వు చదువు, నేను వింటాను. దర్భ అన్న మాట ఎక్కడొచ్చినా ఆపు."

మార్కండేయుడు చదివాడు. కోసే తిథి వచ్చింది, ఆపాడు. కూర్చోవలసిన దిక్కు వచ్చింది, ఆపాడు. పనికిరాని దర్భలు ఏవో వచ్చాయి. దారిలో మొలిచినవి, పుట్ట మీద మొలిచినవి, చివర విరిగినవి.

"ఇంకా," అన్నారు గురువుగారు.

మధ్యాహ్నం అయింది. "పితృకార్యాలకి వేళ్ళతో సహా తెచ్చిన దర్భలు" అన్నచోట మార్కండేయుడి గొంతు కొంచెం తడబడింది.

"అవునురా," అన్నారు గురువుగారు మామూలుగా. "పోయిన మాఘంలో మా నాన్నగారి తద్దినానికి వేళ్ళతో తెచ్చింది నువ్వేగా. ఇంకా."

ఆ రోజంతా చదివారు. మర్నాడూ చదివారు. ఆఖరి కట్ట ముడివేసి, ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"దొరకలేదు," అన్నారు. "నీకెక్కడైనా తగిలిందా?"

మార్కండేయుడు తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు పొద్దున సంధ్య వార్చుకుని, అవధానులు గారు పంచె మోకాళ్ళ పైకి ఎగకట్టి, పాఠశాల గునపం భుజాన వేసుకుని పేరమ్మ చేలోకి నడిచారు. డెబ్బై మూడేళ్ళ మనిషి. శిష్యులంతా పరిగెత్తారు. దారిన పోయేవాళ్ళు ఆగారు. కబురు తెలిసి పేరమ్మ కూడా వచ్చి, గట్టు మీద దూరంగా నిలబడింది.

"గురువుగారూ, మీరెందుకండీ," అన్నాడు మార్కండేయుడు.

"మనకి దొరకనంత మాత్రాన లేదని ఎలా అంటాం? నేను చదవనివి ఎన్ని లేవు? ఉండే ఉంటుంది. ఆ ఇల్లాలికి ఇద్దరు పిల్లలు. నాకు పిల్లలు లేరు. నేను పీకితే సరిపోతుంది." గునపం ఎత్తబోతూ ఆగి, అందరి మొహాలూ చూశారు. "లేరని ఎందుకంటాను, మీరున్నారుగా. తగిలితే మీకే తగలాలి. ఏం, ఓర్చుకుంటారా?"

చయనులు అని ఒక శిష్యుడు ఉన్నాడు. అమాయకుడు. "ఓర్చుకుంటామండీ," అన్నాడు.

అవధానులు గారు ఒక పోటు వేశారు. రెండో పోటు వేశారు. మూడో పోటుకి గునపం దుబ్బులో ఇరుక్కుంది. ఆయన మోకాలు నేలకి ఆనించి ఊపిరి తీసుకుని, మళ్ళీ లేచి పట్టుకున్నారు. మార్కండేయుడు వెళ్ళి ఆ చేతుల మీద చేతులు వేశాడు.

"అది శాస్త్రం కాదండి. ఆ మాట నేనన్నాను."

గట్టు దాకా వినపడలేదు. అంత మెల్లగా అన్నాడు. గురువుగారు మాత్రం విన్నారు. గునపం వదలలేదు.

"నాకు చెబుతావేమిటి? భయపడింది నేను కాదుగా."

మార్కండేయుడు గట్టెక్కి పేరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో తను ఎప్పుడూ తల వంచని మనిషి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"పేరమ్మా, నేను చెప్పింది అబద్ధం. అలాంటి మాట ఎక్కడా లేదు. దర్భ పోతుందన్న బాధతో కల్పించి చెప్పాను."

పేరమ్మ అతని మొహంలోకి చూసింది.

"పెద్దసామి చెప్పమన్నారా?"

"లేదు. నేనే చెబుతున్నాను."

"మీరు చల్లగా ఉండాల సామీ. నా చేను పోతందని జాలిపడి అంటన్నారు."

"జాలి కాదమ్మా. నిజంగా అబద్ధం."

"ఆ పొద్దు చెప్పినప్పుడూ మీ మొకం చూశా, ఇప్పుడూ చూస్తన్నా," అంది పేరమ్మ. "ఆ పొద్దే గట్టిగా చెప్పారు."

మార్కండేయుడు తిరిగి వచ్చాడు. గురువుగారు దుబ్బు పక్కన కూలబడి ఉన్నారు.

"నమ్మలేదా?"

"లేదండి."

ఆయన చెయ్యి ఊతగా పెట్టుకుని లేచి, నాలుగడుగులు పక్కకి జరిగారు. గునపం నేలలో నిలువుగా ఉంది.

మార్కండేయుడు ఉత్తరీయం తీసి నడుముకి బిగించి, గునపం పట్టుకున్నాడు.

చూడండి, తొమ్మిదేళ్ళుగా ఆ చేతులు పట్టిన బరువంతా తాళపత్రాల కట్ట. మొదటి రోజు సాయంత్రానికి మూడు దుబ్బులు తీశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో రోజున గుడ్డ చుట్టుకుని వచ్చాడు. చయనులు పక్కన పార పట్టుకుని నిలబడి, "అన్నయ్యా, మేం స్వరం తప్పితే చెవి మెలేస్తావే, నువ్వు వేసే ప్రతి పోటూ తప్పుతోంది. ఎవరు మెలెయ్యాలి నీ చెవి?" అన్నాడు. మార్కండేయుడు నవ్వబోయాడు గాని ఊపిరి చాలలేదు.

పేరమ్మ రోజూ వచ్చి గట్టున కూర్చునేది. చేలోకి దిగేది కాదు, పిల్లల్నీ దిగనిచ్చేది కాదు.

మూడో రోజున, ఎవరూ పిలవకుండానే మార్కండేయుడి కాబోయే మావగారు వచ్చారు. లక్ష్మీపతి గారని, అవతలి ఊళ్ళో పురోహితులు. ఆదరాబాదరా నడిచి వచ్చారేమో, చెమటతో విభూతి కారిపోయి ఉంది. గట్టు మీదే నిలబడి పిలిచారు.

"ఏమిటి బాబూ ఈ పని? దర్భ వేరుతో తీసినవాళ్ళకి సంతానం నిలవదని మా ఊళ్ళో కూడా చెప్పుకుంటున్నారు. పెళ్ళి రెండు నెలల్లోకి వచ్చిందే. మా పిల్ల ఏమైపోవాలి?"

తను వదిలిన మాట, చూశారా, ఎనిమిది మైళ్ళు నడిచి వెళ్ళి మావగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

గట్టు మీద పేరమ్మ ఉంది. ఊరివాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. మార్కండేయుడు గునపం నేలకి ఆనించి, ఈసారి అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఆ మాట నేనే పుట్టించానండి. పేరమ్మని భయపెట్టడానికి. శాస్త్రంలో లేదు. నేను అబద్ధం చెప్పాను."

"శాస్త్రం చదివి అబద్ధం చెప్పావా?"

"చెప్పానండి."

లక్ష్మీపతి గారు, "ఇలాంటివాడికి పిల్లనివ్వాలా వద్దా అన్నది ఇంటికి వెళ్ళి ఆలోచించుకోవాలి," అన్నారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ పెళ్ళి ఏమైందని మీరు దిగులుపడతారు గనక ఇప్పుడే చెప్పేస్తాను. ఆలోచించి, ఆలోచించి, పిల్లనిచ్చారు. కానీ ఆ పూట మాత్రం ఆ సంగతి మార్కండేయుడికి తెలియదు. మనిషి కనుమరుగయ్యేదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, గునపం ఎత్తాడు.

ఎత్తి బలంగా ఒక పోటు వేశాడు. కొమ్ము పటుక్కున విరిగింది. చేతికొచ్చిన ముక్క విసిరేసి, మన్ను కప్పేసి, పక్క దుబ్బుకి జరిగాడు.

గట్టు మీంచి పేరమ్మ, "సామీ," అంది.

అతను తలెత్తాడు.

"అట్టా ఇరగ్గొట్టి వదిలేస్తే ఎట్టా? వేలెడు ముక్క మిగిలినా వాన పడంగానే లేస్తది. మూడు రోజుల్నుంచీ చూస్తన్నా. తీసిన చోటల్లా సగం లోపలే వదిలేశారు."

"మరి ఎలా తియ్యాలి?"

"దుబ్బు మీద పొడిస్తే వస్తదా ఎక్కడన్నా. మూరెడు ఎడంగా చుట్టూ తవ్వాల. కిందికంటా పోయినాక గునపం ఏటవాలుగా దించి పైకి లేపాల. ఆ తరవాత మట్టంతా చేత్తో ఏరుకోవాల."

మార్కండేయుడు ఆమె చెప్పినట్టు ఎడంగా తవ్వడం మొదలుపెట్టాడు. గునపం రాయికి తగిలి జారింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది.

పేరమ్మ కాసేపు ఓర్చుకుంది. ఒళ్ళోని పిల్లని దింపింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. "అట్టా కాదు సామీ, ఇట్టా తెండి," అంటూ చేలోకి దిగి, అతని చేతిలోంచి గునపం లాక్కుంది.

చుట్టూ నాలుగు పోట్లు. కింద ఒక పోటు. దుబ్బు మొత్తం, ఆవు కడుపులోంచి దూడ జారినట్టు, పైకి తేలింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలో వేళ్ళు పెట్టి, తెల్లటి ముక్కలు ఒక్కొక్కటే ఏరి గట్టు మీదికి విసిరింది.

అవతల దుబ్బు దగ్గరున్న అవధానులు గారు చయనుల్ని పిలిచి, "ఆ తల్లి ఎలా చేస్తోందో చూసి నేర్చుకోండిరా," అన్నారు. అంతే అన్నారు.

అప్పటినుంచి చేలో గురువు పేరమ్మ. మార్కండేయుడు ముక్క వదిలేస్తే వెనక్కి పిలిచేది. "ఇది ఎవరు ఏరతారు సామీ, మీ మావగారా?" అనేది. అతను వెనక్కి వచ్చి ఏరేవాడు. పొద్దున రెండు జాములు పాఠం, తరవాత అందరూ చేలోకి. తొలకరి జల్లు ఒకటి పడి నేల కాస్త మెత్తబడింది. జారిపడ్డవాళ్ళు జారిపడ్డారు, లేచినవాళ్ళు లేచారు, పని మాత్రం ఆగలేదు.

తీసిన దుబ్బుల్ని అవధానులు గారు పారెయ్యనివ్వలేదు. పాఠశాల వెనక గుండ్లకమ్మ ఏటా జానెడు జానెడు ఒడ్డుని కోసుకుపోతోంది. చిన్నవాళ్ళని కూర్చోబెట్టి, మూడేసి కణుపులున్న ముక్కలు కోయించి, ఆ ఒడ్డు పొడుగునా జానెడు లోతున నాటించారు. రెండు వారాలు కడవలతో తడిపారు. తరవాత ఇక తడపనక్కరలేకపోయింది. వరస వరసంతా సూదుల్లాంటి పచ్చటి మొనలు లేచాయి. ఆ ఏడు పోలాల అమావాస్యకి మాత్రం అవి కోతకి రాలేదు. పాఠశాలంతా నాలుగు మైళ్ళ అవతలికి నడిచి వెళ్ళి దర్భ తెచ్చుకుంది.

ఆరుద్ర కార్తె దాటడానికి ఇంకా నాలుగు రోజులుందనగా ఆఖరి దుబ్బు లేచింది. చలమారెడ్డి వచ్చి, చేలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఒకచోట మడమతో మన్ను గీకి చూశాడు. ఏమీ తగలలేదు. "రేపు కాడి పంపుతా," అన్నాడు. రెండుసార్లు దున్నారు. ఆ రాత్రే మంచి వాన పడింది.

విత్తే రోజున, గింజలు సాళ్ళలోకి జార్చే గొర్రు కట్టారు. పేరమ్మ ఒళ్ళో జొన్న విత్తనాలు పోసుకుని మార్కండేయుడి దగ్గరికి వచ్చింది.

"తొలి పిడికెడు మీ చేత్తో వెయ్యండి సామీ."

అతను అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు చితికి, గట్టిపడి, అతనివే కానట్టున్నాయి. గట్టు మీద ఆమె పిల్లలిద్దరూ కాళ్ళు ఆడించుకుంటూ కూర్చున్నారు. ఆమె ఆ రోజు వాళ్ళని గట్టు దిగవద్దని చెప్పలేదు.

"వాళ్ళ చేత వేయించమ్మా," అన్నాడు.

పేరమ్మ ఒక్క నిమిషం అతన్నే చూసింది. తరవాత వెనక్కి తిరిగి పిల్లల్ని పిలిచింది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. కాళ్ళు చీలమండల దాకా మెత్తటి మట్టిలో దిగిపోతుంటే కిలకిల నవ్వుతూ, ఇద్దరూ చెరో పిడికెడూ గొర్రు మీది గిన్నెలో పోశారు. సగం గింజలు కిందే పడ్డాయి. పేరమ్మ ఎడ్లని అదిలించింది.

గురుశిష్యులిద్దరూ గట్టు మీద పాఠశాల వైపు నడుస్తున్నారు. వెనక ఎడ్ల గంటలు వినపడుతున్నాయి. సగం దూరం వచ్చాక మార్కండేయుడు అడిగాడు.

"గురువుగారూ, నేనన్న ఆ మాట ఇక పోయినట్టేనా?"

అవధానులు గారు ఆగలేదు.

"వానలు ఇప్పుడేగా మొదలయ్యాయి," అన్నారు. "లేచిన చోటల్లా తవ్వుదువుగాని."

మార్కండేయుడు గునపం ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.